సమీకరణం సరైనదే, మార్కులే రాలేదు

సంపాదకులకు,

రామంతాపూర్‌లో మా ఇంట్లోనే ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. మొన్న ఒకమ్మాయి కాలేజీ వీక్లీ టెస్ట్ పేపర్ తెచ్చి నా ముందు పెట్టింది. (4, 0), (0, 3) బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం రాయమని ప్రశ్న. రెండు బిందువులూ అక్షాల మీదే ఉన్నాయని చూసి, ఆ పిల్ల ఒక్క లైన్లో ఎక్స్/4 + వై/3 = 1 అని రాసేసింది. నాలుగుకు రెండు మార్కులే వేశారు. పక్కన ఎర్ర ఇంకుతో '3ఎక్స్ + 4వై – 12 = 0' అని ఉంది.

ఆమె రాసినదాన్ని 12తో గుణిస్తే వచ్చేదీ అదే. "మేడం, మరి నాది తప్పెట్లా అయింది?" అంటే ఏం చెప్పాలి? కాలేజీలో అడిగితే, రెండు బిందువుల సూత్రం వాడి స్టెప్పులు చూపించలేదన్నారట. ఆ సూత్రమే వాడాలని ప్రశ్నలో ఎక్కడా లేదు.

రెండు బిందువుల గుండా ఒకే సరళరేఖ పోతుంది. దాని సమీకరణాన్ని మాత్రం రకరకాలుగా రాయొచ్చు. ఏమిచ్చారో చూసి తగిన రూపం ఎంచుకోవడమే ఈ పాఠంలో అసలు తెలివి. వాలు (రేఖ ఎంత ఏటవాలుగా ఉందో చెప్పే సంఖ్య, ఎం), వై-అంతఃఖండం (రేఖ వై-అక్షాన్ని ఖండించే చోటు, సి) ఇస్తే వై = ఎంఎక్స్ + సి ఉండనే ఉంది. నిలువు రేఖకు ఇది పనికిరాదు, దానికి వాలే నిర్వచించలేం, ఎక్స్ = 5 అని రాసి ఊరుకోవాలి. మూలబిందువు (0, 0) గుండా పోయే రేఖకు ఆ పిల్ల రాసిన అంతఃఖండాల రూపం (ఎక్స్/ఎ + వై/బి = 1) కుదరదు, సున్నాతో భాగించాల్సి వస్తుంది. (సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పే పిల్లలు ఇవి అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తారు.)

దిద్దేవాళ్ల ముందు కట్టలకొద్దీ పేపర్లు ఉంటాయి, కాదనను. కానీ సరిచూడటానికి ఎంతసేపు? ఎక్స్ = 4, వై = 0 వేస్తే 1 వస్తుంది. ఎక్స్ = 0, వై = 3 వేసినా 1. వేరే రేఖ అయ్యే వీలే లేదు. జవాబుల కీతో అక్షరం అక్షరం పోల్చడం కన్నా ఇదే తేలిక.

మీ పత్రికకూ ఒక మనవి. చదువు పేజీలో మోడల్ పేపర్ల జవాబులు వేసేటప్పుడు, సరళరేఖ ప్రశ్నల దగ్గర 'లేదా' అని మిగతా రూపాలూ అచ్చు వేయండి: 3ఎక్స్ + 4వై = 12, లేదా వై = –3ఎక్స్/4 + 3 అని. పిల్లలు ఆ పేజీలు కత్తిరించి దాచుకుంటారు. కాలేజీలో సార్‌కు చూపించడానికైనా పనికొస్తాయి.

– ఒక ట్యూషన్ టీచర్, రామంతాపూర్, హైదరాబాద్