కరీబియన్ సముద్రంలోని డచ్చి దీవి స్టేషియాలో మాకు దారి చూపిన పెద్దాయనకు

ఓరంజె బేలో తెరచాప పడవకు లంగరు వేసి, చిన్న పడవలో ఒడ్డుకొస్తే అలల ఊపుకి దిగడమే కష్టమైంది. తాడు అందుకుని మమ్మల్ని పైకి లాగిన మీకు ముందుగా థ్యాంక్స్.

అంతటితో వదిలేయకుండా, ఆ ఎండలో మాతోపాటు కొండదారి ఎక్కి ఫోర్ట్ ఓరంజె దాకా వచ్చారు. 1776 నవంబర్ 16న అమెరికా ఓడ ఆండ్రూ డోరియా వందనానికి బదులుగా ఇక్కడే ఫిరంగులు పేల్చారని చదివాను. కానీ 1781లో దీవిని పట్టుకున్న బ్రిటిష్ అడ్మిరల్ రాడ్నీ, డచ్చి జెండాను దించకుండా ఉంచి, నమ్మి వచ్చిన ఓడలను వచ్చినట్టే పట్టుకున్నాడని మీరు చెబితేనే తెలిసింది. ఎంత గడుసువాడో! కింద శిథిలమైన గోదాముల గోడలు చూపిస్తూ, ఈ రేవులో చక్కెరతోపాటు మనుషులనూ అమ్మేవారని మీరన్నప్పుడు మాకు మాట రాలేదు.

డబ్బులివ్వబోతే వద్దన్నారు, పేరడిగితే నవ్వేశారు. ఈ కృతజ్ఞతలైనా కాదనకండి.