గర్భసంచి ఆపరేషన్ తర్వాత వచ్చే నొప్పి అంతా గ్యాస్ కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎప్పుడో గర్భసంచి తీయించుకున్న మనిషి కడుపునొప్పి అంటే చాలు, గ్యాస్ అనో వాతం అనో చెప్పి ఒక ఇంజెక్షన్ వేసి పంపించేయడం మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మామూలైపోయింది. దాని గురించే ఈ ఉత్తరం.

మా పెద్దమ్మ కూతురు పీలేరు వైపు ఉంటుంది. నలభై నిండకముందే, బ్లీడింగ్ ఎక్కువగా ఉందని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పొట్ట కోసి గర్భసంచి తీసేశారు. తర్వాత కొన్నేళ్లపాటు ఉండుండి మెలిపెట్టే నొప్పి, గ్యాస్ మాత్రలు. చివరికి పొట్ట ఉబ్బి, పచ్చగా వాంతులై, మోషన్ కాదు సరికదా గాలి కూడా పోని స్థితిలో తిరుపతికి తీసుకొస్తే, ముక్కులోంచి పైపు వేసి, మళ్లీ ఆపరేషన్ చేసి చూస్తే చిన్నపేగు పాత కోత దగ్గర పొట్ట గోడకు అతుక్కుపోయి మెలిక పడింది. పాత డిశ్చార్జ్ కాగితం తీసి చూశాం. ఆపరేషన్ పేరు, మాత్రలు, కుట్లు విప్పే తేదీ, అంతే. ఇలా అతుక్కునే అవకాశం ఉందని ఒక్క ముక్క లేదు, నోటితో చెప్పినవాళ్లూ లేరు.

లోపల పడే ఇలాంటి అతుకులను డాక్టర్లు అడ్హీషన్స్ అంటారు. పొట్టలోపల అవయవాలను కప్పి ఒక పలచని పొర ఉంటుంది. ఆపరేషన్లో అది గీసుకుపోయినా, ఆరిపోయినా, రక్తం నిలిచినా ఆ చోట ఫైబ్రిన్ అనే జిగురు పదార్థం చేరుతుంది. మామూలుగా శరీరమే దాన్ని కొద్దిరోజుల్లో కరిగించేసుకుంటుంది, కరగనిచోట మాత్రం గట్టిపడి పేగు, అండాశయం, ట్యూబు, మూత్రాశయం ఒకదానికొకటి పట్టుకుపోతాయి. కొందరికి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి ఏళ్ల తరబడి నొప్పి, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు గానీ అండాశయంలో నీటితిత్తులు గానీ తీయించుకున్న చిన్న వయసు వాళ్లకైతే పిల్లలు పుట్టకపోవడం, సిజేరియన్ మీద సిజేరియన్ అయినవాళ్లకు తర్వాతి ఆపరేషన్ కష్టం కావడం. మామూలు స్కానింగ్‌లో ఇవి చాలాసార్లు కనపడవు కూడా, అందుకే రిపోర్ట్ నార్మల్ అని ఇంటికి పంపేస్తారు.

పూర్తిగా ఆపలేకపోయినా తగ్గించే దారులున్నాయి. వీలున్నచోట పెద్ద కోత బదులు చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీ, కణజాలాన్ని ఆరిపోనివ్వకుండా సున్నితంగా పట్టుకోవడం, రక్తస్రావం పూర్తిగా ఆపడం, పౌడర్ లేని గ్లౌజులు. పౌడర్ గ్లౌజులను అమెరికా 2017లోనే నిషేధించింది, చెప్పిన కారణాల్లో ఈ అతుకులు కూడా ఉన్నాయి. వీటికితోడు లోపల పరిచే, తర్వాత దానంతట అదే కరిగిపోయే పలచని పొరలు, కడుపులో వదిలే ఐకోడెక్‌స్ట్రిన్ ద్రవం లాంటివీ ఉన్నాయి. అవి అతుకులను తగ్గిస్తాయి గానీ నొప్పి రాదని, సంతానం కలుగుతుందని హామీ ఇచ్చేంత రుజువు లేదు, అందరికీ వాడాల్సిన పనీ లేదు. నాకు ఏది సరిపోతుంది అని ఆపరేషన్‌కు ముందే అడిగే హక్కు మాత్రం ప్రతి మనిషికీ ఉంది. ఇంకో మాట, మనవాళ్లు పథ్యం పేరుతో నీళ్లు తగ్గించి కారప్పొడి అన్నమే పెడతారు, దానివల్ల లోపల అతుకులేమీ ఆగవు, మలబద్ధకం ఒకటి అదనం.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం, మన రాష్ట్రంలో 8.9 శాతం. ఇంతమంది కడుపు కోయించుకుంటున్నచోట ఈ విషయం ఇంటింటికీ తెలిసి ఉండాలి కదా! అసలు మందులతో తగ్గే బ్లీడింగ్‌కు గర్భసంచే తీసేయకపోతే, ఈ అతుకుల బాధ చాలామందికి మొదలే కాదు.

ఆపరేషన్‌కు సంతకం పెట్టించుకునే ముందు అతుకుల గురించి తెలుగులో చెప్పాలని, లోపల ఏం చూశారో ఏం చేశారో డిశ్చార్జ్ కాగితంలో రాయాలని రెండు జిల్లాల వైద్యాధికారులు ఆసుపత్రులన్నిటికీ చెప్పాలి. పాత ఆపరేషన్ ఉన్నవాళ్లకు మెలిపెట్టే నొప్పితో వాంతులు, పొట్ట ఉబ్బరం వచ్చి మోషన్, గాలి ఆగిపోతే ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని తెల్లారేదాకా చూడకండి, వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. తిరుపతి ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్ డాక్టర్లను అడిగి మీ ఆరోగ్య పేజీలో దీనిమీద వివరంగా రాయించమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి