శనివారం సాయంత్రం తరగతులు: కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, అనంతపురం

సభ్యులందరికీ నమస్కారం. కుళాయిలు, వీధి దీపాలు, వినాయక చవితి చందాల లెక్కలు విడిగా ఇచ్చాం, చూసుకోగలరు. ఈ ఏడాది సంఘం ఎక్కువ టైము పెట్టిందీ, ఎక్కువ మాటలు పడిందీ మగపిల్లల తరగతుల విషయంలోనే.

మొదటిసారి నోటీసు బోర్డు మీద "లైంగిక ఆరోగ్యంపై అవగాహన సదస్సు" అని రాశాం. కుర్చీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. అది మా తెలివితక్కువ. తర్వాత క్రికెట్ అయ్యాక నీళ్ల ట్యాంకు దగ్గర డాక్టరుగారితో ఊరికే మాట్లాడుకుందాం అంటే వచ్చారు. అయినా మేం ఉన్నంతసేపు ఒక్కడూ నోరు విప్పలేదు. పాత బిస్కెట్ల డబ్బా పెట్టి, చీటీలు వేయమని చెప్పి, టీ తాగడానికి వెళ్లాం. వచ్చేసరికి డబ్బా సగం నిండింది. ఒక చీటీని అగ్గిపుల్లంత సన్నగా చుట్టారు. రాత గుర్తుపడతామని కాబోలు, అక్షరాలు ఎడమచేత్తో రాసినట్టు వంకరటింకరగా ఉన్నాయి. "నిద్రలో బట్టలు తడుస్తున్నాయి. వంద చుక్కల రక్తం ఒక్క చుక్కకు సమానమంట. నేను చచ్చిపోతానా?"

డాక్టరుగారు నవ్వలేదు. ఈ వయసులో అది మామూలేనని, వీర్యం రక్తం కరిగి తయారయ్యేది కాదని, దానికి బలం మందులేవీ అక్కర్లేదని చెప్పారు. ఛాతీ దగ్గర గడ్డలా ఉబ్బి నొప్పి పుడుతోందని ఇంకొకడు. హార్మోన్ల వల్ల ఈ వయసు మగపిల్లల్లో చాలామందికి అలా వస్తుందట, ఎక్కువమందికి రెండేళ్లలోపు దానంతట అదే తగ్గిపోతుందట. గొరిగితే మీసం దట్టంగా వస్తుందా అని అడిగినవాళ్లకు లెక్కే లేదు. రాదు.

ఆ వంద చుక్కల లెక్క ఎక్కడిదో అడగక్కర్లేదు. ఫలానా తారీఖున ఫలానా లాడ్జిలో గుప్తరోగాల డాక్టరు ఉంటాడని గోడల మీద కాగితాలు మనమూ చిన్నప్పటి నుంచి చదువుతున్నవే. లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలను 1954లోనే చట్టం చేసి నిషేధించారు. గోడలకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. మన వీధుల్లోవి పిల్లలే చించేశారు, ఆ పని మాత్రం మహా హుషారుగా చేశారు.

మగతనం గురించి మాట్లాడిన రోజు కొంచెం గొడవే అయింది. "ఆడపిల్లలా ఏడుస్తావేంరా" అని ఇంట్లో వినని పిల్లోడు లేడు. క్లాసులో అమ్మాయి ఫొటో గ్రూపులో పెడితే అదే మగతనమనుకునేవాళ్లూ ఉన్నారు. 18 ఏళ్లలోపు వాళ్ల అశ్లీల ఫొటోలు పంపడం 2012 పోక్సో చట్టం కింద నేరమని వకీలుగారు అనగానే నాలుగైదు ఫోన్లు జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఎందుకో మేం అడగలేదు.

పిల్లల్ని చెడగొడుతున్నారని కొందరు సభ్యులు కోప్పడ్డారు. వాళ్లకు ఒక్కటే మనవి: 2014లో కేంద్రం మొదలుపెట్టిన కిశోర ఆరోగ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లలతో పాటు మగపిల్లలకూ వర్తిస్తుంది. మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

తండ్రుల మీటింగుకు వచ్చింది నలుగురు. ఒకాయన ఫోనొచ్చిందని లేచి మళ్లీ కనపడలేదు. ఇంకొకాయన "మా నాయన నాకు చెప్పలేదు, నేనెట్లా చెప్పేది?" అని చాలాసేపు కూర్చున్నారు.

ఖర్చు టీ, బిస్కెట్లకే. డాక్టరుగారు, వకీలుగారు రూపాయి తీసుకోలేదు. ప్రతి వారం రెండుసార్లు టీ ఎందుకని కోశాధికారి అడిగారు. పిల్లలు చీటీలు రాసేంతసేపు మేం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా సార్.