స్పానిష్ 21లో కనిపించని నాలుగు పదులు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో లాస్ వేగాస్ యాత్ర గురించి వచ్చిన వ్యాసంలో, స్పానిష్ 21 అనే కాసినో ఆటను ‘బ్లాక్‌జాక్ లాంటిదే, బోనస్‌లు మాత్రం ఎక్కువ’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి, వాళ్ళతోపాటు వేగాస్ చూసివచ్చే తల్లిదండ్రులు మన ఊళ్ళలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ వాక్యాన్ని నమ్మి బల్ల దగ్గర కూర్చుంటే వాళ్ళు నష్టపోతారన్న ఆందోళనతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు గణితం బోధించిన నేను మొన్న వేసవిలో అక్కడ ఒక సాయంత్రమంతా ఆ బల్ల వెనక నిలబడి ఆట చూశాను.

పైకి చూస్తే పోలిక నిజమే. ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్ (కాసినో తరఫున ముక్కలు పంచి ఆడే మనిషి) కన్నా ఎక్కువ తెచ్చుకోవాలి. ఆసును 1గా గాని 11గా గాని లెక్కించుకోవచ్చు. బొమ్మ ముక్కలకు పదేసి. తేడా అంతా పేకకట్టలోనే ఉంది. ప్రతి కట్టలోనుంచి నాలుగు పదులూ తీసేసి, జాకీ, రాణి, రాజులను మాత్రం ఉంచుతారు. 52 ముక్కల కట్ట 48 అవుతుంది. అలాంటివి ఆరో ఎనిమిదో కలిపి పంచుతారు. మీ వ్యాసంలో ఈ సంగతి లేకపోవడమే నా ప్రధాన అభ్యంతరం.

పది విలువ గల ముక్కలు తగ్గడం ఆటగాడికే నష్టం. మొదటి రెండు ముక్కలతోనే 21 పడడం (దీన్నీ బ్లాక్‌జాక్ అనే అంటారు) ఆరు కట్టల బ్లాక్‌జాక్‌లో సుమారు 21 ఆటలకు ఒకసారి జరిగితే, ఇక్కడ 24 ఆటలకు ఒకసారి జరుగుతుంది. ఆ నష్టానికి బదులుగానే కొన్ని వెసులుబాట్లు ఇచ్చారు. ఆటగాడి బ్లాక్‌జాక్ డీలర్ బ్లాక్‌జాక్ మీద కూడా గెలుస్తుంది, దానికి రెండుకు మూడు చొప్పున చెల్లిస్తారు. ఎన్ని ముక్కలు తీసుకున్నాకైనా పందెం రెట్టింపు చేసుకోవచ్చు. అయిదు ముక్కలతో 21 చేస్తే ఒకటిన్నర రెట్లు, ఆరింటితో రెండు రెట్లు, ఏడు గాని అంతకు మించి గాని అయితే మూడు రెట్లు ఇస్తారు. 6-7-8 వరసకు, మూడు ఏడులకు ఒకటిన్నర రెట్లు. అవి ఒకే గుర్తువైతే రెండు, మూడూ ఇస్పేట్లయితే మూడు రెట్లు. అయితే పందెం రెట్టింపు చేసిన చేతికి ఈ బోనస్‌లు రావు. నా ముందు కూర్చున్న ఒక పెద్దాయనకు ఈ సంగతి అయిదు ముక్కల 21 పడ్డాకే తెలిసింది.

వీటన్నిటికన్నా ముఖ్యంగా పాఠకులకు చెప్పవలసింది ఇన్సూరెన్స్ పందెం గురించి. డీలర్‌కు ఆసు కనబడినప్పుడు, మూసి ఉన్న ముక్క పది విలువదని కాసే పక్క పందెం అది. గెలిస్తే ఒకటికి రెండు ఇస్తారు. ఆరు కట్టల్లో ఆ ఆసు పోగా మిగిలేవి 287 ముక్కలు, వాటిలో పది విలువ గలవి 72. అంటే వంద డాలర్లు కాస్తే సగటున దాదాపు 25 డాలర్లు పోతాయి. అదే పందెంలో మామూలు బ్లాక్‌జాక్‌లో పోయేది ఏడు డాలర్ల పైచిలుకే. పదులు లేవని తెలియనివాడు ఈ తేడాను ఎలా ఊహించగలడు?

ఆడే తీరు కూడా మారాలి. డీలర్‌కు 4, 5, 6 కనబడితే చేతిలో 12 ఉన్నా ఆగిపోవడం బ్లాక్‌జాక్ ఆడేవారికి అలవాటు. ఇక్కడ 12 మీద పది విలువ గల ముక్క పడి 21 దాటే అవకాశం తక్కువ, డీలర్ దాటిపోయే అవకాశమూ తక్కువే; కాబట్టి ముక్క అడగడమే మంచిది.

కూర్చోబోయే ముందు బల్ల మీద రాసి ఉన్నది చదవమని కూడా దయచేసి చెప్పండి. ఆసును 11గా లెక్కించి వచ్చిన 17 మీద డీలర్ ఆగుతాడా, మరో ముక్క తీస్తాడా అన్నది అక్కడ ఉంటుంది. ఆరు కట్టల ఆటలో తక్కిన నియమాలు ఒకటే అయితే, తప్పు లేకుండా ఆడినవారికి కూడా డీలర్ ఆగే బల్ల మీద పందెంలో సుమారు 0.4 శాతం, మరో ముక్క తీసే బల్ల మీద దాదాపు 0.8 శాతం నష్టం ఉంటుంది.

వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ వాక్యాన్ని సరిదిద్ది, 48 ముక్కల సంగతినీ ఇన్సూరెన్స్ లెక్కనూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
గుంటూరు