రంగస్థల శాఖ గురించి ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

నమస్కారం. మీ కార్యాలయంలో ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక నలుగురి ముందు రాస్తున్నాను. మాది రంగస్థల కళల్లో రెండేళ్ల పీజీ. వాచికం (సంభాషణ పలికే తీరు), ఆంగికం (శరీర కదలికలతో చేసే నటన) నేర్పే అధ్యాపకులు లేరు. కెమెరా ముందు నటన సిలబస్‌లో ఉంది, కెమెరా మాత్రం లేదు. రిహార్సల్ హాలుకు సాయంత్రం ఐదింటికే తాళం పడుతుంది. నాటకం తయారయ్యేది ఆ తర్వాతే కదా! 1959లో ఏర్పడిన ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో శిక్షణ మూడేళ్లు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం వారికి వేదికే బడి. మాకు ఆ బడీ లేదు, ఈ వేదికా లేదు. ఉద్యోగం మానుకొని చేరిన సహవిద్యార్థిని ఒకరు, గొంతు వాడే పద్ధతి చెప్పేవారు లేక, అరిచి అరిచి స్వరం దెబ్బతిని చదువే వదిలేశారు.

ఈ సెమిస్టర్‌లోనే అతిథి అధ్యాపకులను నియమించండి. హాలు రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంచండి. మీ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయండి.

భవదీయుడు,
రంగస్థల కళల పీజీ విద్యార్థి