గొంతు పోయింది, అందుకే ఉత్తరం

రేయ్ ప్రసాదూ,

ఫోన్ ఎత్తడం లేదని కోప్పడకు. గొంతు పోయింది రా. జలుబు కాదు, అరిచి అరిచి. మూడు రోజులుగా మిరియాల కషాయమే.

6వ తేదీన బాలాజీ కాలనీ దగ్గర ఒక చిన్న హాల్లో హిరోషిమా సభ పెట్టారు. నలభై మంది ఉంటామేమో, అందులో పదిమంది ఫ్యాను గాలికి వచ్చినవాళ్లే. ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ భలే చెప్పాడు. ఆ బాంబులో సుమారు 64 కిలోల యురేనియం ఉంటే, నిజంగా విచ్ఛిత్తి అయింది, అంటే పరమాణువులు చీలి శక్తినిచ్చింది, కిలో కూడా కాదట. 1945 ఆఖరికి 1,40,000 మంది దాకా పోయారని ఆ నగరం వేసుకున్న లెక్క. హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా.

ప్రశ్నలు అడగండి అన్నారో లేదో, రచ్చ మొదలైంది. ఒక కుర్రాడు లేచి "బాంబు వద్దనేవాళ్లు పాకిస్తాన్‌కు పోండి" అన్నాడు. ఎర్ర కండువా పెద్దాయన ఒకరు అమెరికా బాంబును దులిపి పారేశాడు. 1964లో చైనా పేల్చింది మాత్రం ఆత్మరక్షణట! నాకు ఒళ్లు మండి, "మరి 2003 అక్టోబర్ 1న మన అలిపిరిలో నక్సలైట్లు పేల్చిన క్లేమోర్ మందుపాతరల సంగతేంటి సామీ?" అన్నాను. "దాని సందర్భం వేరు" అన్నాడు. బ్రహ్మోత్సవాలకు కొండకు పోతున్న ముఖ్యమంత్రి చావు తప్పి బయటపడ్డాడు, ఊరంతా వణికింది. దానికి కూడా సందర్భమే!

తర్వాత కుర్రాడి మీద పడ్డాను. 1988లో ఐక్యరాజ్యసమితికి పోయి, 2010కల్లా అణ్వాయుధాలన్నీ పోవాలని ప్రణాళిక పెట్టింది రాజీవ్ గాంధీ. పోఖ్రాన్‌లో పేల్చిన వాజ్‌పేయి ప్రభుత్వమే 2003లో 'మేం ముందుగా వాడం' అని అధికారికంగా చెప్పింది. వీళ్లిద్దర్నీ ఏ దేశానికి పంపుదాం అన్నాను. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడితే నాకు తెలుసుగా, ఇంకా రెచ్చిపోయాను. "నీలాంటి మూర్ఖుల వల్లే" అని ఏదో వాగాను. అది అనకుండా ఉండాల్సింది. 1998 మేలో పోఖ్రాన్ వార్త వినగానే వీధిలో సరం పేల్చింది మనమే కదరా, అగ్గిపెట్టె కూడా నాదే.

పైగా "అయిదు దేశాలకో న్యాయం, మనకో న్యాయమా" అని వాడు అడిగింది మాత్రం నిజం. 1967కు ముందు పేల్చిన అయిదు దేశాలు దాచుకోవచ్చు, మిగతావాళ్లు ముట్టుకోకూడదు అన్నదే ఆ 1968 అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం. అందుకే మనం సంతకం పెట్టలేదు. 2017లో అసలు అణ్వాయుధాలనే నిషేధించే ఒప్పందానికి 122 దేశాలు ఓటేశాయి, బాంబులున్న తొమ్మిదింటిలో ఒక్కటీ రాలేదు. మనమూ పోలేదు. పోవాల్సిందని నేనంటాను, కానీ అది ఆ కుర్రాడికి అరవకుండా చెప్పి ఉండాల్సింది.

అసలు కథ ఇప్పుడుంది. బయటికొచ్చేసరికి వాన, ఆటో ఒక్కటీ లేదు. వాడే బండి ఆపి "ఎక్కండి సార్" అన్నాడు. లీలామహల్ సెంటర్ దాటాక అడిగాడు: "సార్, ఆ 1988ది నిజమేనా?"

అప్పటికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. వెనక కూర్చుని గట్టిగా తలూపాను. వాడు రోడ్డు చూసుకుంటున్నాడు.

వినాయక చవితికి వస్తున్నావు కదా? వచ్చేటప్పుడు కరక్కాయ తీసుకురా.

నీ
రమణ