లేజర్ నా దగ్గరా ఉంది, అందుకే భయం

ఎడిటర్ గారూ, నాకు లేజర్లంటే పిచ్చి, ఇంట్లో 450 నానోమీటర్ల (అంటే కాంతి తరంగం పొడవు) నీలం లేజర్ ఒకటుంది, నల్ల బెలూన్ మీద పెడితే టప్పున పేలుతుంది. మొన్న నిమజ్జనంలో ఓ కుర్రాడు ఆకుపచ్చ లేజర్ పట్టుకుని జనం మొహాల మీదకి తిప్పుతుంటే గుండె జారిపోయింది. వందల మిల్లీవాట్ల పవర్ ఉన్నది సూటిగా కంట్లో పడితే రెప్ప వేసేలోపే రెటీనా (కంటి లోపలి తెర) కాలిపోతుంది, నొప్పి కూడా తెలీకపోవచ్చు. చవక ఆకుపచ్చ లేజర్ పెన్నుల్లో స్టిక్కర్ మీద 5 మిల్లీవాట్లనే ఉంటుంది గానీ లోపల ఎక్కువుండొచ్చు, పైగా కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి కూడా వచ్చేస్తుంటుంది. నేనైతే ఆ రంగుకి సరిపోయే గాగుల్స్ లేకుండా స్విచ్ ముట్టుకోను, అద్దాలూ స్టీలు గిన్నెలూ ఉన్నచోట కాంతి తగిలి తిరిగి కంట్లో పడుతుందని అసలు వెయ్యను (మా ఆవిడ వంటింట్లోకి రానివ్వదు కూడా లెండి). వీటిని పిల్లల బొమ్మల పక్కన పెట్టి అమ్ముతున్నారు, అధికారులు కాస్త చూడాలి సార్.

- ఒక పాఠకుడు, విజయవాడ